పాలపిట్ట ఆస్పత్రిలో ఇంటివారు

మొదటి నమోదు

గ్లైడరు తలుపు తెరుచుకోగానే నన్ను లోపలికి లాగడానికి రెండు చేతులు ముందుకు వచ్చాయి. నేను వాటికి నా పెట్టెను అందించి, తాడు నేనే పట్టుకుని, నా కాళ్ళ మీద నేనే పాలపిట్టలోకి అడుగుపెట్టాను. డెబ్భై దాటిన స్త్రీ గాలిలో వేలాడే ఆస్పత్రిలోకి దూకుతూ ఉంటే చూసేవారికి గుండె జారడం సహజమే. ఆ గుండె వారిది. దాన్ని పట్టుకునే బాధ్యత నాది కాదు.

కాలి కింద అద్దపు నేల. దాని అడుగున పసుపుపచ్చని మేఘాలు, పొయ్యి మీద మరిచిపోయిన పాలలా పొంగుతున్నాయి. ఇంకా అడుగున ఎక్కడో శుక్రగ్రహపు నేల ఉందనీ, అక్కడి వేడికి సీసం కూడా నీరైపోతుందనీ చదువుకున్నాం. చూసి వచ్చినవారు లేరు. మా ఊళ్ళూ బడులూ ఆస్పత్రులూ అన్నీ ఇలా పెద్ద గాలిసంచుల కింద వేలాడుతూ, గాలి ఎటు తీసుకుపోతే అటు, ఈ గ్రహం చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. కొత్త చోట మొదటి అడుగు వేసినప్పుడు నాకు ప్రతిసారీ కాస్త కళ్ళు తిరుగుతాయి. నిజం చెప్పాలంటే ఆ తిరుగుడు కోసమే నేను ఈ ఉద్యోగంలో ఉన్నాను.

నా పేరు సుభాషిణి. నర్సింగులో పట్టభద్రురాలిని. చదువు ముగిసిన నాటి నుంచి నేటి వరకూ చుట్టాన్ని. ఒక ఆస్పత్రిలో ఒక విడత పనిచేసి, మనుషులు తక్కువైన మరో ఆస్పత్రికి ఎగిరిపోయే మావంటి వారిని మేఘాల్లో చుట్టాలు అంటారు. ఎగరకుండా ఉండిపోయేవారు ఇంటివారు. ఉండిపోవడం ఒక వృత్తి ఎలా అయిందో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. కానీ ప్రతి ఆస్పత్రికీ కనీసం ఒక్క ఇంటిమనిషి ఉంటారు, ఉండాలి కూడా.

చుట్టానికి మర్యాదలు ఉన్నాయి. ఇంటి పద్ధతి మార్చకూడదు. ఇంటివారు ముద్ద నోట పెట్టకముందు తినకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇక్కడ ఇంటివారు ఎవరని నోరు తెరిచి అడగకూడదు. అలా అడగడమంటే, మీ వాలకం చూస్తే ఇంటివారిలా లేరని ఎదుటివారి మొహం మీద అన్నట్లే. అడగవలసిన అవసరమూ రాదు. వచ్చిన చుట్టానికి మజ్జిగ ఇచ్చి ఎవరు పలకరిస్తే వారే ఇంటివారు.

నా పెట్టె అందుకున్న చేతులే మజ్జిగ కూడా ఇచ్చాయి. ఆ చేతుల యజమాని ఓబులేసు గారు, గాలిసంచుల మరమ్మతు చూసుకునే ఆసామి. గుమ్మాన్ని నిండుగా మూసేసేంత మనిషి.

“తాగండమ్మా, తాగండి. గాలికి పడి వచ్చినారు, గొంతు ఆరిపోయింటాది.”

“నా గది ఎక్కడో చెబుతారా?”

“మీకు యాడ బాగుంటే ఆడ. మీరెట్ల చెప్తే అట్ల.”

ఎంత సంస్కారం గల ఇంటివాడు అనుకున్నాను.

రెండవ నమోదు

ఇక్కడ పొద్దు పొడిస్తే, ఒక నిద్ర తీసి లేచి, పని చేసుకుని, మళ్ళీ నిద్రపోయినా కుంకదు. కనుక గడియారాన్ని బట్టి పడుకుని గడియారాన్ని బట్టి లేస్తాం. లేవగానే మొదటి పని, కిటికీల మీద పేరుకున్న ఆమ్లపు మంచును తుడవడం. ఆ పని ఇంకొకరు చేస్తామన్నా నేను ఒప్పుకోలేదు.

పాలపిట్ట పద్ధతులు కొన్ని విచిత్రంగా ఉన్నాయి. మందులు ఇచ్చే ముందు ఒక స్టీలు పళ్ళేన్ని గరిటెతో టంగుటంగున మోగిస్తారు. భోజనం తర్వాత మంచాలన్నిటినీ తూర్పు కిటికీ వైపు తిప్పి, అరగడియలో మళ్ళీ యథాస్థానానికి తిప్పుతారు. ఒక గదికి ‘ఇంటివారి సామాను’ అనే చీటీ అంటించి ఉంది. దాని దరిదాపులకు ఎవరూ వెళ్ళరు. నేనూ పళ్ళెం మోగించాను, మంచాలూ తిప్పాను. ఇంటి పద్ధతి ఇంటి పద్ధతే.

భోజనాల దగ్గర క్రమశిక్షణ చూసి ముచ్చటపడ్డాను. నేను, ఓబులేసు గారు, డాక్టరు యాదయ్య, ముగ్గురం వడ్డించుకుని కూర్చున్నాం. ఎవరూ ముద్ద ఎత్తరు. ఒకరి మొహం ఒకరు గౌరవంగా చూసుకుంటున్నాం. అన్నం చల్లారింది. పప్పు గడ్డకట్టింది. చివరకు పక్క వార్డులో నుంచి ఒక గొంతు ఉరిమింది.

“తినండర్రా! ఓలి మొకాలు ఓలు సూసుకుంటే కడుపులు నిండుతాయేటి?”

ఆ గొంతు అప్పలకొండది. ప్రస్తుతం మాకు ఉన్న పెద్ద రోగి ఆమే. మిగిలినవారు జలుబులూ బెణుకులూ. ఆమె గ్లైడరు నడిపేది. ఒక ఆస్పత్రి నుంచి మరో ఆస్పత్రికి చుట్టాలను చేరవేసిన మనిషి ఇప్పుడు తానే ఈ ఆస్పత్రిలో మంచం మీద ఉంది. పాతిక మెట్లెక్కిన దానిలా మాటమాటకూ ఆయాసపడుతుంది. అయినా మాటలు మానదు.

“ఏటి నర్సమ్మగోరూ, నాడి సూత్తన్నారా, సేయి నిమురుతున్నారా?”

“మాట్లాడకుండా ఉంటే నాడి దొరుకుతుంది.”

“మాటాడకపోతే నానే దొరకను. అప్పుడు నాడితో పనేటి?”

గది బయట యాదయ్య నాతో మెల్లగా అన్నాడు: “ఆమె గుండెల కవాటం సరిగ్గ మూస్కుంటలేదు పెద్దమ్మా. మందులతోటి నెట్టుకొస్తున్న. ఇగ ఆపరేషన్ తప్పది.”

“ఆపరేషన్ ఓడ ఎప్పుడు వస్తుంది?”

“వస్తున్నది. గని అది మీది గాలిల పోతది, మనం కింది గాలిల ఉన్నం. ఆస్పత్రిని మీదికి లేపితేనే అందుతది. ఈసారి తప్పిపోతే మళ్ళ వచ్చేదాంక ఆమె...”

“అయితే ఇంటివారు ఆలోచించవలసిన విషయమే.”

“అదే గద నేను చెప్తున్న. ఇంటోళ్ళు ఎట్ల అంటే గట్ల,” అని నా వైపు ఎంతో ఆశగా చూశాడు. చుట్టాల ఎదుట కూడా ఇంటివారి మాట దాటని ఈ అబ్బాయి నాకు బాగా నచ్చాడు.

మూడవ నమోదు

ఈ నమోదును స్థిమితంగా రాయాలని కూర్చున్నాను. ఇప్పటికి రెండుసార్లు కలం పక్కన పెట్టి నవ్వుకోవలసి వచ్చింది.

నిన్న మంచాల కమ్ములు తుడుస్తూ ఉండగా ఎవరో పిలిచారు. ఎక్కడిదాకా తుడిచానో గుర్తుండడానికి ఒక కమ్మికి నా చేతిరుమాలు ముడివేసి వెళ్ళాను. ఈ రోజు లేచి చూస్తే, వార్డులో ప్రతి మంచానికీ ఒక చేతిరుమాలు ముడివేసి ఉంది. చేతిరుమాళ్ళు చాలకపోతే తువ్వాళ్ళు, తువ్వాళ్ళు చాలకపోతే ఓబులేసు గారి తలగుడ్డ చింపిన ముక్కలు.

“ఎవరు కట్టారు ఇవన్నీ?”

“నేనేనమ్మా,” అన్నాడు ఓబులేసు గారు గర్వంగా. “ముడి మీరు వేసినట్లే వేసినా. సరిగ్గుందా లేదా చూసుకోండి.”

“నేను వేసినట్లు మీరెందుకు వేయాలి? మీరు ఇంటివారు కదా!”

ఆయన మొహంలో రంగు మారింది. “నేనా? నేను చుట్టాన్నమ్మా! ఇంటివాళ్ళు మీరు కదా?”

“నేను మొన్ననే గ్లైడరులో దిగాను. మీరే నాకు మజ్జిగ ఇచ్చారు!”

“అయ్యో, గుమ్మం కాడ నేను నిలబడుంటి, అందుకని ఇచ్చినా! అంత దర్జాగా దిగితిరి, సెలవు మీద పోయిన ఇంటామె తిరిగొచ్చిందనుకొంటి.”

నేను యాదయ్య వైపు తిరిగాను. యాదయ్య ఓబులేసు గారి వైపు తిరిగాడు. “నేను వచ్చిననాడు మజ్జిగ ఇచ్చిన నర్సక్క పోయినాక ఓబులేసన్ననే ఇంటాయన అనుకున్న. మీరొచ్చినాక మీరే అనుకున్న. నేనైతే చుట్టాన్నే పెద్దమ్మా. ఒట్టు.”

చుట్టాల మర్యాదను పక్కన పెట్టి, నా జీవితంలో మొదటిసారి, నోరు తెరిచి అడిగాను: “మరి ఈ ఆస్పత్రికి ఇంటివారు ఎవరు?”

వార్డులో నుంచి వచ్చిన నవ్వుకు మంచం ఇనుప కాళ్ళు కదిలిన చప్పుడు కూడా తోడైంది. మేము పరుగెత్తాం. అప్పలకొండ పొట్ట పట్టుకుని నవ్వుతోంది, మధ్య మధ్య ఆయాసపడుతోంది, మళ్ళీ నవ్వుతోంది.

“ఇంటివోడు ఎల్లిపోనాడు! సెల్లెలి పెల్లికని నా గ్లైడరులోనే ఎల్లాడు. ఆ పెల్లిలో ఇంకో పిల్లని సూసేడు, తానూ పెల్లి సేసేసుకున్నాడు, ఆ ఊరి ఆస్పత్రికే ఇంటివోడు అయిపోనాడు. అప్పుటి సుట్టాలందరూ ఎగిరిపోనారు. కొత్త సుట్టాలొచ్చారు, ఓలూ ఎగిరిపోనారు. అప్పుటినుండీ ఈ కొంప సుట్టాలతోనే నడుత్తంది!”

“నీకు తెలిసి కూడా చెప్పలేదా?”

“ఎవలడిగారు?”

అడగకపోవడమే మర్యాద అయిన చోట, చెప్పలేదని ఎవరిని తప్పుపడతాం! పళ్ళెం మోగించడం గురించి కూడా అప్పుడే అడిగేశాం. పూర్వం ఒక చుట్టం మద్దెల నేర్చుకుంటూ ఉండేదట; సాధన కోసం పళ్ళెం మోగించేదట. మంచాలు తిప్పడం మరొక చుట్టం నేల కడగడానికి చేసిన పని. ఆ తర్వాత వచ్చినవారందరూ అది ఇంటి ఆచారమని భక్తితో పాటించారు. ఓబులేసు గారు నేల మీద చతికిలబడి, కన్నీళ్ళు తుడుచుకోవడానికి తలగుడ్డ వెతుక్కుని, అది మంచాలకు కట్టి ఉందని గుర్తొచ్చి మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు.

నవ్వు ఆగాక యాదయ్య ఒక్క మాట అన్నాడు. “గట్లయితే ఆస్పత్రిని మీదికి లేపేదెవరు?”

నాలుగవ నమోదు

పాలపిట్టను నడిపే యంత్రాన్ని పిట్ట అంటాం. దానికి ఒక గొంతు ఉంది. వ్యాకరణం తప్పని గొంతు కనుక దాని మీద నాకు సదభిప్రాయమే. ముగ్గురం దాని ముందు నిలబడ్డాం.

“ఆపరేషన్ ఓడ మీది గాలిలో సమీపిస్తున్నది,” అంది పిట్ట. “పైకి లేవవలెనా?”

“లేవాలి,” అన్నాడు యాదయ్య.

“చెబుతున్నది ఇంటివారేనా?”

యాదయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

అవునని ఎవరు అన్నా పిట్ట నమ్ముతుంది. దానికి రుజువులు అక్కరలేదు. కానీ ఆ మాట అన్న క్షణాన చుట్టాల సంఘంలో వారి పేరు కొట్టేస్తారు. జీవితంలో మళ్ళీ చేరనివ్వరు. ఆస్పత్రిని వదిలి నివాసం మార్చే హక్కూ ఉండదు. కొత్తగా పెళ్ళి చేసుకోవడం ఒక్కటే దీనికి మినహాయింపు; ఆ మహానుభావుడు వెళ్ళిపోగలిగింది అలాగే.

“నేను అంటుంటి,” అన్నాడు యాదయ్య. “గని నా భార్య కొంగరెక్క ఆస్పత్రిల ఇంటామె. వచ్చే విడత నన్ను ఆడికి ఏసిండ్రు. మేమిద్దరం ఒక్క తాన ఉండి ఎన్నొద్దులైందో నాకే యాదిలేదు.”

“నాకట్ల పెండ్లాం పిల్లలు ఎవరూ లేరప్పా,” అన్నాడు ఓబులేసు గారు. “కానీ ఒక్క చోట రెండు విడతలుంటే నాకు అన్నం సయించదు. నిజంగా చెప్తాండా. ఒకసారి ఉంటిని, చిక్కి సగమైపోతి.”

ఈ మాట అంటున్న మనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. అయినా ఆయన కళ్ళలో భయం నిజమైనది.

అప్పలకొండ మా మాటలన్నీ వింటూనే ఉంది. “ఎవలూ ఏటీ అనొద్దు! నా గుండెకోసమని ఇంకోలి రెక్కలు ఇరుత్తారా? నాకు ఒద్దు. ఉన్నన్నాళ్ళు ఉంటాను, లేనినాడు కిటికీలోంచి కిందకొగ్గీండి. మేగాలు నాకు కొత్తేటి!”

“నువ్వు ఊరుకో,” అన్నాను.

“ఊరుకోను. నా గుండె, నా ఇట్టం.”

“నీ గుండె నీ ఇష్టమే. ఆస్పత్రి మాత్రం నీ ఇష్టం కాదు.”

“నీదేటి మరి? నువ్వూ సుట్టానివే గదా!”

 

అప్పుడు యాదయ్య, ఓబులేసు చీట్లు వేద్దామని నిర్ణయించారు. యాదయ్య రెండు చీట్లు చింపాడు. రెండే. ఒకటి తనకు, ఒకటి ఓబులేసుకు.

“మూడవది?” అని అడిగాను.

“మీకెందుకు పెద్దమ్మా,” అన్నాడు యాదయ్య ఎంతో ప్రేమగా. “ఈ వయసుల గింత పెద్ద ఆస్పత్రి బరువు మీ మీద ఎట్ల పెడతం? మీరు కూసోండి. మేం చూస్కుంటం గద.”

“అవునమ్మా,” అన్నాడు ఓబులేసు. “కుర్చీ తెమ్మంటారా?”

నేను కుర్చీ వద్దన్నాను. పిట్ట ముందుకు రెండడుగులు వేశాను. నా గొంతులో వణుకు లేదని ఇక్కడ స్పష్టంగా నమోదు చేస్తున్నాను.

“చెబుతున్నది ఇంటివారేనా?” అని పిట్ట మళ్ళీ అడిగింది.

“నేనే ఇంటిమనిషిని. నా పేరు సుభాషిణి. పైకి లేవాలి.”

“చిత్తం, ఇంటివారూ,” అంది పిట్ట.

   ఆ పిలుపుతో నేను ఏం చేశానో నాకు అర్థమైంది.  అయినా కుర్చీ అడగలేదు.

ఐదవ నమోదు

“లేవడానికి బరువు తగ్గించవలెను,” అంది పిట్ట. “అనవసరమైన సామాను ఉన్నదా?”

మా చూపులన్నీ ఆ చీటీ అంటించిన గది వైపు తిరిగాయి. తలుపు తెరిచే హక్కు ఇప్పుడు ఒక్కరికే ఉంది. తెరిచాను.

ఆ గదిలో ఇంటివారి సామాను ఒక్కటీ లేదు. చుట్టాలు తమ పెట్టెల్లో పట్టక వదిలిన సామాను. ఒక హార్మోనియం. గోంగూర పచ్చడి జాడీల దండు. ఎవరో వ్యాయామానికి తెచ్చుకున్న ఇనుప గుండ్లు. తాడు తెగిన ఉయ్యాల. అన్నిటి మధ్య, నేలలోకి దిగబడిపోయినట్లు కూర్చుని, ఒక రుబ్బురోలు.

“రుబ్బురోలు!” అన్నాడు ఓబులేసు. “దీన్ని గ్లైడరులో తెచ్చినారా! ఎవరమ్మా ఆ తల్లి?”

“నాను తేలేదు,” అని వార్డులోంచి వెంటనే సమాధానం వచ్చింది. “నా గ్లైడరులో అయితే ఆయమ్మని దింపీసి రోలుని ఎనక్కి పంపేద్దును.”

ముగ్గురం పని మొదలుపెట్టాం. జాడీలు ఒక్కొక్కటే మేఘాల్లోకి వెళ్ళాయి. హార్మోనియం పడుతూ పడుతూ గాలికి తానే ఒక స్వరం పలికింది. రోలును ఓబులేసు ఒక్కడే దొర్లించుకొచ్చి, గుమ్మం దగ్గర దానికి దండం పెట్టి, తోసేశాడు. వెంటనే ఆస్పత్రి చెంగున లేచింది.  అద్దపు నేల కింద మేఘాలు గిర్రున దూరమవుతున్నాయి. పైనుంచి వెలుగు, ఇంతకు ముందెన్నడూ చూడనంత తెల్లని వెలుగు, వార్డంతా పరుచుకుంది.

పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది. గాలి పలచబడేకొద్దీ మనిషికి మత్తు ఎక్కుతుంది. యాదయ్య ఊరకే నవ్వడం మొదలుపెట్టాడు. అతడిని చూసి బెణుకుల రోగులు నవ్వారు. ఓబులేసు సంచుల వాల్వులు తిప్పుతూ రోలు మీద ఒక పాట కట్టి పాడాడు. ఆ పాటలో రోలు ఒక పెళ్ళికూతురు. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే ఆక్సిజన్ గొట్టం తీసుకెళ్ళి అప్పలకొండ మొహానికి మాస్కు తగిలించాను. వేలి కింద ఆమె నాడి చూశాను.

నా నవ్వు ఆగిపోయింది. ఆ నాడి రెండడుగులు నడిచి, ఒకటి తప్పి, ఆగి, ఉలిక్కిపడి పరుగెడుతోంది.

“యాదయ్యా!”

అతడు ఒక్క క్షణంలో డాక్టరు అయ్యాడు. సూది మందు ఇచ్చాడు. మొహం చూస్తే చాలు, నాకు అర్థమైంది.

“ఇంకింత మీదికి పోతే తట్టుకుంటదో లేదో చెప్పలేను. ఇక్కడ్నే ఆగితే ఓడ అందది.”

“ఇంటివారూ, ఆగవలెనా?” అని పిట్ట అడిగింది.

ఇంతకాలం ఇటువంటి ప్రశ్న వచ్చినప్పుడు నేను పక్కకు జరిగి, ఇంటివారు ఉన్నారు కదా, వారిని అడగండి అనేదాన్ని. అన్ని ఆస్పత్రుల్లోనూ అలా పక్కకు జరగడానికి నాకు ఒక చోటు ఉండేది. ఇప్పుడు పక్కన గోడ ఉంది.

అప్పలకొండ కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. మాస్కు వెనుక పెదవులు కదిలాయి గానీ మాట వినబడలేదు. దుప్పటి మీద ఉన్న చేతిని మెల్లగా తిప్పి, అరచేతిని ఆకాశం వైపు తెరిచింది. గ్లైడరు నడిపేవారి సైగల్లో దానికి ఒకే అర్థం, పైకి అని. గుండె ఆమెది, ఇష్టం ఆమెది. మాట మాత్రం నాది.

“ఆగవద్దు,” అన్నాను. “పైకే.”

ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. నాడి తప్పినప్పుడల్లా తిట్టాను. నా చదువుకు తగని మాటలు కొన్ని వాడాను; వాటిని ఇక్కడ నమోదు చేయను. కిటికీ బయట, తెల్లని వెలుగులో, వెండి చేపలా ఆపరేషన్ ఓడ కనిపించినప్పుడు ఓబులేసు పెట్టిన కేక ఆ ఓడలోకి కూడా వినబడిందట.

ఆరవ నమోదు

సర్జను డాక్టరు షహనాజ్ గారు ఓడనూ ఆస్పత్రినీ కలిపిన వంతెన మీద నుంచి నడిచి వచ్చారు. తుడిచిన అద్దంలాంటి మనిషి.

“ఇంటివారు ఎవరండీ?” అని అడిగారు.

“ఎంత సూటిగా అడిగారండీ! అభినందనలు,” అన్నాను. “నేనే.”

ఆమె నన్ను ఎగాదిగా చూశారు. “ఆపరేషన్ తర్వాత ఈమెను చాలా కాలం కనిపెట్టుకుని ఉండాలి. ఇవాళ ఉండి రేపు ఎగిరిపోయేవాళ్ళ చేతిలో నేను పెట్టను. మీరు ఉంటారా?”

“ఉంటాను.”

ఈ మూడక్షరాల మాటను నేను ఇంతకు ముందు ఎవరితోనూ అనలేదని ఆమెకు తెలియదు. ఆపరేషన్ గది తలుపులు మూసుకున్నాయి. నేను బయట నిలబడ్డాను. కుర్చీ ఉంది, కూర్చోలేదు. యాదయ్య లోపల సహాయంగా ఉన్నాడు. ఓబులేసు ఆ తలుపు ముందు అటూ ఇటూ నడుస్తూ ఉంటే ఆస్పత్రి కూడా అటూ ఇటూ ఒరిగింది. ఒక్క చోట నిలబడమని కసిరాను.

తలుపు తెరుచుకుంది. షహనాజ్ గారు ముసుగు తీశారు. “కొత్త కవాటం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కానీ ఒక సందేహం అండీ. మత్తులోకి జారుతూ ఈమె, రోలు నాది కాదు, రోలు నాది కాదు అని కలవరించింది. దాని అర్థమేమిటి?”

ఓబులేసు సమాధానం చెప్పడానికి ప్రయత్నించి, కూలబడి నవ్వాడు. ఆ నవ్వులో చాలా ఏడుపు కూడా ఉంది. నేను గోడ వైపు తిరిగి కిటికీ తుడిచాను. అది శుభ్రంగానే ఉంది.

ఏడవ నమోదు

చుట్టాల సంఘం నుంచి కబురు వచ్చింది: సుభాషిణి గారి పేరును వరుసలో నుంచి తొలగించడమైనది; వారి సేవలకు కృతజ్ఞతలు. రెండే వాక్యాలు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను. రాలేదు. దానికి బదులు ఒక రకమైన దురద వచ్చింది, అరికాళ్ళలో.

ఆపరేషన్ ఓడ తన దారిన వెళ్ళిపోయింది. అప్పలకొండ దిండుకు ఆనుకుని కూర్చుంది. ఆయాసం లేని ఆమె గొంతు మరింత పెద్దది. మాలో ఎవరికీ ఇది ముందుగా తట్టలేదు.

“బాదపడతన్నావేటి, నర్సమ్మగోరూ?”

“లేదు.”

“అబద్దం. నానూ మంచం పట్టినప్పుడు అలగే కూకున్నాను, అలగే కిటికీకాసి సూసేను.”

“నువ్వు నోరు మూసుకుని కోలుకో.”

“కోలుకుంటాను గానీ, నీ కాళ్ళకింద ఏటున్నాదో సూసేవా? ఇల్లు అంటే కదలనిదేటి? దీనికి రెక్కలు లేవుగానీ సంచి లేదేటి? పైకి లేపినోలివి, పక్కకి తిప్పలేవా?”

 అరికాళ్ళలో దురద మోకాళ్ళ దాకా వచ్చింది.

అదే సమయానికి యాదయ్య పెట్టె సర్దుకుని వచ్చాడు. కొంగరెక్కకు బయల్దేరవలసిన విడత వచ్చింది గానీ, ఇంత ఎత్తుకు గ్లైడర్లు రావట. “ఇగ ఎట్ల పోవాలె పెద్దమ్మా? ఆమె ఎదురుచూస్తుంటది.”

“కొంగరెక్క ఏ గాలిలో ఉంది?” అని అడిగాను.

“నడిమి గాలి,” అంది అప్పలకొండ, అతడు నోరు తెరిచేలోపు. “ఇక్కడినుండి కొంత దిగి, ఉత్తరం మలుపు పట్టుకుంటే సరాసరి ఓలి గుమ్మంలోనే. కళ్ళు మూసుకుని సెప్తాను, మీరు తిప్పండి.”

నేను పిట్ట ముందు నిలబడ్డాను. “ఒక డాక్టరును దింపడానికి ఆస్పత్రి మొత్తం మరో ఆస్పత్రికి వెళ్ళవచ్చునా?”

పిట్ట తన పాత లెక్కలన్నీ వెతికింది. “ఇంతకు ముందు అటువంటి దాఖలా లేదు, ఇంటివారూ.”

“కూడదన్న నియమం ఉందా?”

“లేదు.”

“అయితే పద.”

సంచులు ఒరిగాయి. వెలుగు ఒక కిటికీ నుంచి మరో కిటికీకి గెంతింది. ఆ పాత తిరుగుడు, నా ప్రాణానికి ప్రాణమైన తిరుగుడు, ఇంటిల్లిపాదికీ ఒకేసారి వచ్చింది; జలుబులవారు కూడా మంచాల కమ్ములు పట్టుకుని కేకలు వేశారు. ఓబులేసు వాల్వుల దగ్గర నిలబడ్డాడు. అప్పలకొండ మంచం మీద నుంచి దారి చెప్పింది: “ఎడమకి! ఇంకా ఎడమకి! నీ ఎడమ కాదు, నా ఎడమ!” తాను మరో విడత ఉంటానని ఓబులేసు ఎవరూ అడగకుండానే చెప్పాడు. ఒక్క చోట ఉంటేనే కదా తనకు అన్నం సహించనిది అన్నాడు.

మేఘాలు చీలి కొంగరెక్క కనబడింది. దాని కిటికీలన్నిటిలోనూ నోళ్ళు తెరిచిన మొహాలు. రేడియోలో అక్కడి ఇంటామె గొంతు అదిరిపడుతూ వినిపించింది.

“ఎవరండీ అది! మీ కొంప మా మీదకొచ్చేత్తంది! ఎవరండీ బాబూ మీరు?”

“పాలపిట్ట ఆస్పత్రి,” అన్నాను. “మీరు అడిగిన డాక్టరును తీసుకువచ్చాం.”

“మేం ఒక డాక్టర్ని పంపమన్నామండీ! ఆస్పత్రి మొత్తం తెచ్చేసేరేంటండీ! దీన్నెక్కడ పెట్టుకోమంటారు?”

“పెట్టుకోనక్కరలేదు,” అన్నాను. “మేము ఉండడానికి రాలేదు.”